బోర్డర్‌లెస్ ఫొటోలో తెల్ల గీత ఎందుకొస్తుంది, తల ఎందుకు తెగుతుంది

మీరు రాసినదాన్ని బట్టి కష్టాలు మూడు. ఎప్సన్ ఎల్3250 ప్రింటర్ కొన్నారు. పాప అన్నప్రాసన ఫొటోలు ఫోన్‌లోంచి 4×6 అంగుళాల గ్లాసీ (మెరిసే) పేపర్ మీద వేస్తున్నారు. మొదట చుట్టూ తెల్ల అంచు వచ్చింది. బోర్డర్‌లెస్, అంటే తెల్ల అంచు లేకుండా కాగితం నిండా వేయమని, టిక్ పెడితే ఆ అంచు పోయింది గానీ ఎడమ పక్క సన్నటి తెల్ల గీత మిగిలింది, గ్రూప్ ఫొటోలో తాతగారి తల పైభాగం తెగిపోయింది. సరే, ఒకటి ఏ4లో పెద్దగా వేద్దామంటే అసలు ఆ టిక్ పెట్టే గడే వెలగడం లేదు. ప్రింటర్ వెనక్కి ఇచ్చేయాలా అని అడిగారు.

వద్దు, ఇవ్వకండి. మీ ప్రింటర్ బాగానే ఉంది. ఫొటో స్టూడియో పనిలో చాలా కాలంగా ఉన్నాను, ఇంట్లో కొత్తగా ప్రింటర్ పెట్టుకున్నవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చే కష్టాలు ఇవే. మీ మూడింటికీ మూలం ఒక్కచోటే ఉంది. అది అర్థమైతే మిగతాదంతా సెట్టింగుల పనే. కాస్త ఓపిగ్గా చదవండి.

మామూలుగా ప్రింట్ చేసినప్పుడు ఇంక్‌జెట్ ప్రింటర్ కాగితం చుట్టూ కొంత జాగా వదిలేస్తుంది. ఎప్సన్ ఇంటి ప్రింటర్లలో ఇది నాలుగు పక్కలా 3 మి.మీ. కెనాన్ జీ సిరీస్‌లో పక్కలకు 3.4, కింద 5 మి.మీ. దాకా ఉంటుంది. రోలర్లు కాగితాన్ని లాక్కునేటప్పుడు అది వెంట్రుకవాసి కూడా జరగకుండా రావడం ఏ ప్రింటర్‌లోనూ కుదరదు. ఒకసారి అర మిల్లీమీటరు ఎడమకి, ఒకసారి కాస్త వంకరగా వస్తుంది. సరిగ్గా అంచు దగ్గర ఆపాలని చూస్తే ప్రతి ఫొటోకీ ఏదో ఒక పక్క తెల్ల గీత పడుతుంది.

అందుకని బోర్డర్‌లెస్ పెట్టినప్పుడు ప్రింటర్ మీ ఫొటోని కాగితం కంటే కొంచెం పెద్దది చేసి, అంచు దాటించి ప్రింట్ చేస్తుంది. కాగితం కాస్త అటూ ఇటూ జరిగినా తెలుపు కనబడదు. మరి కాగితం దాటి పడిన ఇంకు ఎక్కడికి పోతుంది? ప్రింటర్ మూత ఎత్తి, కాగితం నడిచే దారిని టార్చి వేసి చూడండి. ప్లాస్టిక్ పలకలో అక్కడక్కడా గుంటలు, వాటిలో నల్లబడిన స్పాంజి ముక్కలు కనిపిస్తాయి. గోడకి రంగు వేసేటప్పుడు కింద పాత పేపర్లు పరుస్తాం చూడండి, ఆ పని ఇక్కడ ఈ స్పాంజి చేస్తుంది. లేజర్ ప్రింటర్లో ఈ ఏర్పాటు ఉండదు. అంచు దాటిన టోనర్ పొడి లోపలి రోలర్లకి అంటుకుంటుంది కాబట్టి ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే లేజర్ ప్రింటర్లు బోర్డర్‌లెస్ ఇవ్వవు. ఎవరైనా ఫొటోల కోసం లేజర్ కొనమని సలహా ఇస్తే వినకండి.

పెళ్లి శుభలేఖలు వేసే ప్రెస్సులోనూ ఇంతే. రంగు అంచు దాకా ఉన్న కార్డు చూసి మెషిన్ అంచు దాకా వేసిందనుకుంటాం. వాళ్లు డిజైన్‌ని పక్కలకి 3 మి.మీ. ఎక్కువ పెట్టి, పెద్ద షీటు మీద వేసి, తర్వాత కటింగ్ మెషిన్‌లో కోస్తారు. ఆ ఎక్కువ పెట్టిన భాగాన్నే బ్లీడ్ అంటారు. పోయేందుకంటూ కొంత ముందే కేటాయిస్తారు, ముఖ్యమైనదేదీ అందులో ఉండనివ్వరు. ఇంట్లో ఫొటో వేసే మనమూ ఈ పద్ధతి పట్టుకోవాలి. బోర్డర్‌లెస్ అంటే ఫొటో అంచుల్లో కొంత పోతుంది. ఎంత పోవాలో, ఎక్కడ పోవాలో ప్రింటర్‌కి వదిలేయకుండా మీరు తేల్చాలి.

ఇక తాతగారి తల సంగతి. ఇందులో సెట్టింగు కంటే లెక్క ఎక్కువ. ఫోన్ కెమెరా మామూలుగా తీసే ఫొటో 4:3 కొలతలో ఉంటుంది, అంటే పొడుగు వైపు నాలుగు వంతులైతే పొట్టి వైపు మూడు వంతులు. 4×6 పేపరు 3:2 కొలత. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. మీ పేపరు 152 మి.మీ. పొడవు, 102 మి.మీ. వెడల్పు. అడ్డంగా తీసిన 4:3 ఫొటోని 152 మి.మీ.కి సాగదీస్తే ఎత్తు 114 మి.మీ. వస్తుంది. కాగితం ఉన్నది 102. మిగిలిన 12 మి.మీ. పైన ఆరు, కింద ఆరు తెగిపోతాయి. దీనికి తోడు బోర్డర్‌లెస్ కోసం ప్రింటర్ పెంచే భాగం ఒక్కో పక్కకి రెండు మూడు మిల్లీమీటర్లు. మొత్తం కలిపి పైన తొమ్మిది మి.మీ. దాకా పోయింది. గ్రూప్ ఫొటోలో వెనక వరుసలో నిలబడ్డవాళ్ల తలలు సరిగ్గా ఆ చోటే ఉంటాయి.

కాబట్టి ప్రింట్‌కి పంపేముందు ఫొటోని మీరే 3:2కి క్రాప్ చేయండి. గూగుల్ ఫొటోస్‌లో ఎడిట్‌లోకి వెళ్లి క్రాప్ నొక్కితే కొలతల గుర్తు వస్తుంది, అందులో 3:2 ఎంచుకోండి. ఐఫోన్‌లో ఫొటోస్ యాప్‌లోనే ఇది ఉంది. ఆ చట్రాన్ని పైకీ కిందకీ జరుపుతూ తల పైన ఖాళీ మిగిలేలా చూసుకోండి. కింద పీటలు, చాపలు, చెప్పులు పోతే నష్టం లేదు. చట్రం అంచుకీ తలకీ మధ్య ఎంత ఉండాలంటే, 4×6 ప్రింట్‌లో కనీసం 5 మి.మీ. వచ్చేటంత. ఫోన్ తెర మీద అది ఫొటో ఎత్తులో ఇరవయ్యో వంతు. కంటితో చూసి అంచనా వేసుకోవచ్చు.

కొన్ని ఫొటోల్లో అంత ఖాళీ ఉండదు. తీసినవాళ్లే తల మీదుగా బిగించి తీసి ఉంటారు. అలాంటి వాటికి బోర్డర్‌లెస్ పట్టు వదిలేయండి. నాలుగు పక్కలా సమానంగా తెల్ల అంచు పెట్టి వేస్తే చాలా అందంగా ఉంటుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోల్లో చాలావాటికి తెల్ల అంచు ఉండేది, వాటిని ఎవరూ లోపం అనుకోలేదు. నాలుగు పక్కలా ఒక్కలా ఉన్న తెలుపుని కన్ను ఒప్పుకుంటుంది, ఒక్క పక్కే గీతలా కనిపిస్తే ఒప్పుకోదు.

ఇంకో జాగ్రత్త. ఫొటో చుట్టూ బంగారు గీతో, పువ్వుల బోర్డరో డిజైన్ చేసిన పుట్టినరోజు కార్డులు, రిటర్న్ గిఫ్ట్ ట్యాగులు బోర్డర్‌లెస్‌లో వేయకండి. కాగితం ఒక మిల్లీమీటరు జరిగినా ఆ గీత ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా వచ్చి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్షరాలైనా, గీతలైనా అంచుకి ఆరు మిల్లీమీటర్లు లోపలే ఉండనివ్వండి. పాత ఆల్బమ్ ఫొటోలు స్కాన్ చేసి వేసేటప్పుడు కూడా వాటి తెల్ల అంచుని ముందే పూర్తిగా క్రాప్ చేసేయాలి. లేకపోతే అసలు ఫొటో అంచే గీతలా పడుతుంది, మీరేమో ప్రింటర్‌ని అనుమానిస్తారు.

ఇప్పుడు ఎడమ పక్క గీత. తెల్ల గీత ఏ పక్క వచ్చిందో చూస్తే సగం కారణం తెలిసిపోతుంది. ఎడమనో, కుడినో వస్తే కాగితం పెట్టడంలో తేడా. కింద మాత్రమే వస్తే పేపర్ సైజు తప్పు ఎంచుకున్నట్టు. నాలుగు పక్కలా వస్తే ఎక్కడో ఫొటోని కుదించే సెట్టింగు ఆన్‌లో ఉన్నట్టు.

మీది ఎడమ పక్క కాబట్టి ముందు పేపర్ గైడు చూడండి. వెనక ట్రేలో కాగితం నిలబెట్టే చోట జరిగే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది కదా, దాన్ని కాగితం అంచుకి ఆనించాలి. ఆనించడం అంటే తగిలీ తగలనట్టు. గట్టిగా నొక్కితే పేపరు విల్లులా వంగి వంకరగా దిగుతుంది. వదులుగా ఉంటే దిగేటప్పుడు పక్కకి జారుతుంది. కాగితం నిలువుగా, చిన్న అంచు కిందికి, మెరిసే వైపు మీ వైపు ఉండాలి. ఫొటో అడ్డంది కదా అని పేపర్ని అడ్డంగా పెట్టేవాళ్లున్నారు. పేపరెప్పుడూ నిలువే, ఫొటోని తిప్పుకునే పని డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) చూసుకుంటుంది. కట్టలో ఉన్నదంతా ఒకేసారి పెట్టకండి. మందపాటి గ్లాసీ పేపర్ని నేనైతే ఒక్కొక్కటే పెట్టి వేస్తాను. కాస్త ఆలస్యం, కానీ రెండు కాగితాలు అంటుకుని దిగడం, వంకర దిగడం చాలావరకు పోతాయి.

గైడు సరిగ్గా ఉన్నా గీత వస్తుంటే పేపర్నే అనుమానించండి. తక్కువ ధరకి వచ్చే వంద షీట్ల ప్యాకెట్లలో కోత ఎప్పుడూ సరిగ్గా ఉండదు. పరీక్ష సులువు. ఒకే ప్యాకెట్‌లోంచి రెండు షీట్లు తీసుకోండి. ఒకదాన్ని బోర్లించి రెండోదాని మీద పెట్టి, రెండు అంచులు బల్లకి తట్టి సమం చేయండి. మూలలు కలిశాయా, ఎక్కడైనా ఒక షీటు తొంగి చూస్తోందా? తొంగి చూస్తే ఆ ప్యాకెట్ మూలమట్టంగా కోయలేదన్నమాట. అలాంటి పేపరుకి డ్రైవర్‌లో ఫొటోని పెంచే మోతాదు ఎక్కువ పెట్టుకోవాలి.

ఆ మోతాదు మార్చే చోటు కంపెనీని బట్టి మారుతుంది. కెనాన్ డ్రైవర్‌లో ఎక్స్‌టెన్షన్ మొత్తం అని జరిపే స్లైడర్ ఉంటుంది. ఎప్సన్‌లో కొన్ని మోడళ్లకి బోర్డర్‌లెస్ టిక్ పక్కన సెట్టింగ్స్ బటన్ ఉండి, అందులో ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని వస్తాయి. కొన్ని చిన్న మోడళ్లలో మార్చే వీలుండదు, కంపెనీ పెట్టిందే ఖాయం. తల తెగుతోందని మోతాదు బాగా తగ్గిస్తే తెల్ల గీత వస్తుంది, గీత వచ్చిందని బాగా పెంచితే తల తెగుతుంది. అందుకే మోతాదుతో కుస్తీ పడొద్దంటాను. దాన్ని మధ్యస్థంలోనో, ఉన్నచోటో వదిలేసి, తల పైన ఖాళీ మీరు క్రాప్‌లో ఉంచుకుంటే రెండు బాధలూ తప్పుతాయి.

సైజు విషయంలో ఒక చిక్కు చాలామందికి తగులుతుంది. డ్రైవర్ జాబితాలో 4×6 అంగుళాలు, 10×15 సెం.మీ., 4ఆర్, ఏ6 అని రకరకాలుగా కనబడతాయి. మొదటి మూడూ ఒకటే పేపరు. ఏ6 మాత్రం వేరు, అది 105×148 మి.మీ. మీ 4×6 పేపర్ పెట్టి ఏ6 అని చెబితే ప్రింటర్ 148 మి.మీ. కాగితం అనుకుని ముందే ఆపేస్తుంది, కింద తెల్ల పట్టీ మిగులుతుంది. ప్యాకెట్ మీద ఏ సైజు రాసినా ఒకసారి స్కేలుతో కొలవండి.

నాలుగు పక్కలా తెలుపు వచ్చే సమస్య దాదాపు ఎప్పుడూ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ప్రింటర్‌ని తగిలించగానే విండోస్ తనంతట తానే ఒక సాదా డ్రైవర్ వేసుకుంటుంది. దాంతో ప్రింట్లు వస్తాయి గానీ, బోర్డర్‌లెస్, పేపర్ రకం వంటివి అందులో సగం కనబడవు. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేరు వెతికి పూర్తి డ్రైవర్ దించుకోండి. తర్వాత డ్రైవర్‌లో ఈ వరస పాటించండి: ముందు పేపర్ సైజు 4×6, తర్వాత పేపర్ రకం గ్లాసీ, ఆ తర్వాత బోర్డర్‌లెస్. సాదా కాగితం అని ఉన్నంతసేపూ చాలా డ్రైవర్లలో బోర్డర్‌లెస్ వెలగదు, వెలిగినా నాణ్యత ఉండదు. క్వాలిటీ హై పెట్టండి. ఒకసారి సరిగ్గా వచ్చాక ఆ సెట్టింగుల్ని ప్రీసెట్‌గా దాచుకుంటే పండక్కోసారి మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

డ్రైవర్ సరిగ్గా పెట్టినా ఫొటో తెరిచిన యాప్ మళ్లీ అడ్డం పడవచ్చు. విండోస్ ఫొటోస్‌లో ప్రింట్ కొట్టినప్పుడు ఫిట్ అనే చోట పేజీకి కుదించు అని ఉంటే నిండుగా నింపు అనేదానికి మార్చండి. పాత పద్ధతిలో ఫొటో మీద కుడి బటన్ నొక్కి ప్రింట్ చేసేవాళ్లు ఫ్రేమ్‌కి సరిపెట్టు అనే టిక్ ఉంచాలి. వర్డ్‌లో ఫొటో అతికించి ప్రింట్ చేయడం మాత్రం మానేయండి. వర్డ్ తన మార్జిన్లు తాను పెడుతుంది, డ్రైవర్ తన పెంపు తాను చేస్తుంది, ఆఖరికి ఏ కొలతా మీ చేతిలో ఉండదు. మ్యాక్‌లో ఈ టిక్కే ఉండదు, పేపర్ సైజుల జాబితాలో బోర్డర్‌లెస్ అని విడిగా సైజులు ఉంటాయి, వాటిలోంచి ఎంచుకోవాలి.

ఫోన్ నుంచి నేరుగా వేసేటట్టయితే ప్రింటర్ కంపెనీ యాప్ వాడండి. గ్యాలరీలోంచి ప్రింట్ కొడితే ఆండ్రాయిడ్ తన సొంత ప్రింట్ సర్వీస్ ద్వారా పంపుతుంది, అందులో ఆప్షన్లు తక్కువ. ఐఫోన్‌లోనే ఉండే ఎయిర్‌ప్రింట్ ద్వారా వేస్తే బోర్డర్‌లెస్ అనే బటన్ విడిగా కనపడకపోవచ్చు. ప్రింటర్‌లో ఉన్నది 4×6 ఫొటో పేపర్ అని తెలిస్తే అదే బోర్డర్‌లెస్‌గా వేస్తుంది. ప్రింటర్ తెర మీద పేపర్ నమోదు చేసే వీలున్న మోడళ్లలో అక్కడ సరిగ్గా చెప్పి ఉంచాలి.

ఫొటో ఎలా వచ్చిందన్నది కూడా చూసుకోండి. ఫంక్షన్ ఫొటోలు చుట్టాలు వాట్సాప్‌లో పంపినవే అయితే, మామూలుగా పంపినది పొడుగు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోయి ఉంటుంది. 4×6కి అది చాలు. 6 అంగుళాలకి పంచితే అంగుళానికి 260 పైన వస్తాయి, ముఖాలు బాగానే ఉంటాయి. అదే ఫొటోని ఏ4కి పెంచితే అంగుళానికి 140 కూడా రావు, కళ్లు, కనురెప్పలు మెత్తబడిపోతాయి. ఏ4 వేయాలనుకున్న ఫొటోని మాత్రం డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, అసలు ఫైలే వస్తుంది.

ఇక మీ మూడో కష్టం. ఎల్3250లో బోర్డర్‌లెస్ 4ఆర్ వరకే. ఇది లోపం కాదు, ఆ మోడల్ స్పెసిఫికేషన్‌లో ఉన్న విషయమే. స్పాంజి గుంటలు ఏయే వెడల్పుల దగ్గర ఉంటే ఆ సైజులకే బోర్డర్‌లెస్ ఇవ్వగలరు. ఏ4 అంచుల కింద స్పాంజి లేని ప్రింటర్‌ని ఏ సాఫ్ట్‌వేర్ తోనూ ఒప్పించలేరు. ఏ4 దాకా ఇచ్చే మోడళ్లు అన్ని కంపెనీల్లోనూ ఉన్నాయి. ఫొటోల కోసమే తయారైన ఎప్సన్ ఎల్8050 వంటి ఆరు రంగుల ప్రింటర్లు కూడా ఉన్నాయి. వాటిలో చర్మం రంగు, ఆకాశం నునుపుగా వస్తాయి. కొత్తగా కొనేవాళ్లు డబ్బా మీద బోర్డర్‌లెస్ అన్న మాట చూసి ఆగిపోకుండా, ఏ సైజు వరకు అన్నది చదవాలి.

కానీ మీరు ఇప్పుడు కొత్త ప్రింటర్ కొనక్కర్లేదు. ఏ4 గ్లాసీ పేపర్ మీద మామూలు మార్జిన్లతో మీ ప్రింటర్‌కి అందే జాగా 204×291 మి.మీ. 8×10 అంగుళాల ఫొటో అంటే 203×254 మి.మీ. సరిగ్గా పడుతుంది! ఫొటోని 5:4కి క్రాప్ చేసి, 8×10 సైజులో ఏ4 మీద బోర్డర్ ఉంచే ప్రింట్ చేసి, తెలుపంతా కోసేయండి. చేతికి వచ్చేది నిఖార్సైన బోర్డర్‌లెస్ 8×10. ఫ్రేముల షాపులో ఆ సైజు ఫ్రేము ఎక్కడైనా దొరుకుతుంది. అందులో తల తెగే భయం లేదు, ఎందుకంటే ఎక్కడ కోయాలో మీ కళ్లకి కనబడుతోంది.

నిజానికి ముఖ్యమైన ఫొటో ఏదైనా నేను ఇలాగే వేస్తాను. 4×6 కూడా. ఒక ఏ4 షీటు మీద రెండు 4×6 ఫొటోలు అడ్డంగా ఒకదాని కింద ఒకటి పెడితే 204 మి.మీ. ఎత్తు అవుతుంది. కింద ఇంకా ఎనిమిది సెంటీమీటర్లకి పైగా మిగులుతుంది. ఆ చోట 35×45 మి.మీ. పాస్‌పోర్ట్ ఫొటోలు ఒక వరుస, ఐదు పడతాయి. పిల్లల స్కూల్ ఫారాలకి ఎప్పుడూ కావాల్సినవే. కోయడానికి కత్తెర పనికిరాదు, ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా అంచు అలలుగా వస్తుంది. స్టీలు స్కేలు, స్టేషనరీ షాపులో దొరికే పేపర్ కటింగ్ బ్లేడు, అడుగున మందపాటి అట్ట. స్కేలుని ఫొటో మీద ఉంచండి, తెలుపు మీద కాదు. అప్పుడు బ్లేడు జారినా తెలుపు వైపే జారుతుంది. గీత ఫొటో అంచుకి ఒక మిల్లీమీటరు లోపల గీయండి, ఆ మిల్లీమీటరే మీ బ్లీడ్. ఒకే లాగులో తెంచాలని బలం పెట్టకుండా, తేలిగ్గా రెండు మూడు సార్లు లాగండి. ప్రింట్ ఆరాకే కోయాలి.

పేపర్ గురించి కొంచెం. మార్కెట్‌లో గ్లాసీ అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు కాగితం మీద మెరుపు పూత పూసినది, చౌక. రెండోది ఆర్‌సీ అని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. పట్టుకుంటే స్టూడియో ఫొటోలా తగులుతుంది. చౌకది ఇంకు ఎక్కువైతే అలలు తేలుతుంది, అంచులు లేస్తాయి. బోర్డర్‌లెస్‌లో ఇంకు అంచుల దాకా పడుతుంది కాబట్టి ఆ లేచిన అంచుని ఇంకు చల్లే ప్రింట్ హెడ్ రాసుకుంటూ పోతుంది. ఫొటో మూలల్లో నల్లటి మరకలు కనిపిస్తే కారణం ఇదే. ప్రాక్టీసుకి చౌకది వాడండి, దాచుకునే ఫొటోలకి ఆర్‌సీ కొనండి. కాగితం బరువు చెప్పే జీఎస్ఎమ్ అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. మందంగా ఉన్నంత మాత్రాన పూత మంచిదని కాదు.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో పేపర్ని రాత్రంతా ట్రేలో వదిలేస్తే పొద్దుటికి వంపు తిరుగుతుంది. వానాకాలంలో హైదరాబాద్‌లో కూడా అంతే. వాడగానే ప్యాకెట్‌లో పెట్టి, దాన్ని జిప్ కవర్‌లో ఉంచండి. అప్పటికే వంగితే వంపుకి ఎదురుగా మెల్లగా చుట్టి సాపు చేయండి. మెరిసే వైపు వేలిముద్ర పడకూడదు, ఆ చోట ఇంకు సరిగ్గా పట్టదు.

ప్రింట్ చివరి రెండు మూడు సెంటీమీటర్లలో సన్న చారలు కనిపిస్తే కంగారు పడకండి. కాగితం వెనక అంచు లోపలి రోలర్‌ని వదిలేశాక బయటి రోలర్ ఒక్కటే దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు చిన్న కుదుపు వస్తుంది. బోర్డర్ ఉన్న ప్రింట్‌లో ఆ భాగంలో కొంత తెల్లగా పోతుంది కాబట్టి అంతగా తెలియదు. బోర్డర్‌లెస్‌లో అక్కడా బొమ్మ ఉంటుంది. మార్గం ఏమిటంటే, ఫొటోని 180 డిగ్రీలు తిప్పి, ముఖాలు ముందు దిగేలా వేయడం. చివరికి పట్టుచీర అంచో, పూల అలంకరణో వస్తే చార కనబడదు. ఖాళీ గోడ, ఆకాశం వస్తే కనబడుతుంది.

ఫొటో వెనక వైపు రంగు మరకలు అంటుకుంటున్నాయా? స్పాంజి మీద పడాల్సిన ఇంకు పలక మీదకి చేరిందన్నమాట. ప్రింటర్ మెయింటెనెన్స్ మెనూలో పేపర్ గైడ్ క్లీనింగ్ అనో, బాటమ్ ప్లేట్ క్లీనింగ్ అనో ఉంటుంది. సాదా కాగితం పెట్టి, మరక రాకుండా పోయేవరకు నడిపించండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే దీని గురించి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. పక్కకి 3 మి.మీ. చొప్పున పెంచితే 4×6 ఫొటోలో ఇంకు పడే వైశాల్యం పదో వంతు పెరుగుతుంది. అంటే ప్రతి పది ఫొటోలకి ఒక ఫొటో ఇంకు స్పాంజిలోకి పోతోంది. మీదాని లాంటి, సీసాతో ఇంకు నింపుకునే ట్యాంక్ ప్రింటర్లో ఇంకు ఖర్చు భారం కాదు గానీ, స్పాంజి నిండుతుంది. ప్రింటర్ దీన్ని లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. కొన్ని ఎప్సన్ మోడళ్లలో బోర్డర్‌లెస్ ఇంక్ ప్యాడ్ నిండిందని విడిగా మెసేజ్ వస్తుంది. అది వచ్చాక బోర్డర్ ఉన్న ప్రింట్లు పనిచేస్తాయి, బోర్డర్‌లెస్ ఆగిపోతుంది. అలాంటప్పుడు సర్వీస్ సెంటర్లో ప్యాడ్ మార్పించుకోవాలి. బజార్లో కొందరు రెండు నిమిషాల్లో రీసెట్ చేస్తామంటారు. వాళ్లు సాఫ్ట్‌వేర్‌తో లెక్కని సున్నా చేస్తారు, నిండిన ప్యాడ్ లోపల అలాగే ఉంటుంది. కొన్నాళ్లకి ఇంకు కింద నుంచి కారి బల్ల మీదకి వస్తుంది, లోపల సర్క్యూట్ తడిస్తే ప్రింటరే పోతుంది. ప్యాడ్ మార్చి రీసెట్ చేసేవాళ్లకే ఇవ్వండి, మార్చిన పాత ప్యాడ్ చూపించమని అడగండి.

అందుకే అవసరం లేని చోట బోర్డర్‌లెస్ వాడొద్దని నా గట్టి సలహా. ముఖ్యంగా ఫ్రేము కట్టించే ఫొటోలకి. ఫ్రేము లోపలి గాడి చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు ఎలాగూ కప్పేస్తుంది. 3 మి.మీ. తెల్ల అంచు ఉన్నా దాని వెనక దాక్కుంటుంది. చేతికిచ్చే ఫొటోలు, ఆల్బమ్‌లో పెట్టేవి, గోడకి నేరుగా అంటించేవి, వీటికే బోర్డర్‌లెస్ ఉంచుకోండి.

ఆల్బమ్‌లో పెట్టేముందు ఒక రోజు ఆరనివ్వండి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా. పైకి తడి లేనట్టే ఉంటుంది గానీ పూత లోపల ఇంకా చెమ్మ ఉంటుంది. ప్లాస్టిక్ పాకెట్‌లో పెట్టేస్తే లోపల మసకబారుతుంది. పూజగదిలోనో, హాల్లోనో పెట్టే పెద్దల ఫొటోలకి అద్దం ఉన్న ఫ్రేమే పెట్టండి. ఇంటి ప్రింటర్ల రంగు ఇంకులు ఎక్కువగా డై రకం, అంటే ద్రవంలో కరిగిన రంగు. అవి వెలుతురికీ, గాలిలోని ఓజోన్‌కీ వెలిసిపోతాయి, నీటి చుక్క పడితే చెదిరిపోతాయి. దండ మీంచి నీళ్లు కారే చోట అద్దం లేకుండా ఉంచకూడదు. తరాలు నిలవాల్సిన ఫొటో, లేదా ఒకేసారి వందల్లో కావాల్సిన ఫంక్షన్ ఫొటోలు కలర్ ల్యాబ్‌లో ఇవ్వడమే మంచిది. అక్కడ చాలాచోట్ల ఇప్పటికీ రోల్ రూపంలో వచ్చే కెమికల్ ఫొటో పేపర్ మీద వేస్తారు. రంగు పేపర్ పొరల్లోనే పుడుతుంది కాబట్టి నీటి తడికి ఇంకులా చెదరదు. ల్యాబ్‌కి ఇచ్చినా మీ క్రాప్ మీరే చేసి ఇవ్వండి. 4:3 ఫొటో 4×6కి వెళ్లేటప్పుడు అక్కడి మెషిన్ కూడా పైనా కిందా కోస్తుంది, అది తాతగారి తల అని దానికి తెలియదు.

ఈ వారం మీరు చేయాల్సింది ఇంతే: కంపెనీ డ్రైవర్ వేసుకోండి, ఒక గ్రూప్ ఫొటో 3:2కి క్రాప్ చేయండి, ఒక్క షీటు పెట్టి గైడు ఆనించి వేసి చూడండి. పేపర్ కోత పరీక్ష కూడా చేయండి. అప్పటికీ గీత వస్తే, ఏ అంచున ఎంత మందాన వచ్చిందో స్కేలుతో కొలిచి, డ్రైవర్‌లో సైజు, పేపర్ రకం ఏమని ఉన్నాయో ఆ తెర ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. చూసి చెబుతాను.